సాగు రైతుది, పట్టా పార్టీది

ప్రశ్న: మేడమ్, మేం తెనాలి దగ్గర మూడెకరాలు కౌలుకు చేస్తాం. నేను గ్రూప్స్‌కి చదువుతున్నాను. 1978లో చైనా నేత డెంగ్ సియావోపింగ్ సంస్కరణలు తెచ్చాడని, అప్పట్నుంచి చైనా మార్కెట్ బాట పట్టిందని పుస్తకాల్లో ఉంది. మరి అన్నిటి మీదా కమ్యూనిస్టు పార్టీ పట్టు ఇంకా ఎలా నిలిచింది? ఈ రెండూ నాకు అతకడం లేదు.

జవాబు: కౌలు చేసే ఇంటివారు కాబట్టి మీకిది తేలిగ్గానే అర్థమవుతుంది. మా నాన్న కూడా కౌలుకే చేశాడు. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాట, అంతే. ఆసామికి కొలవగా మిగిలిందే మాది. పంట ఎంత విరగపండినా, వచ్చే ఏడు ఆ చేను మా చేతిలో ఉంటుందా అన్న దిగులు మా అమ్మను వదిలేది కాదు. చైనా గురించి చదివేటప్పుడల్లా నాకు ఆ దిగులే గుర్తొస్తుంది.

డెంగ్ తెచ్చాడన్నది సగమే నిజం. అన్హుయ్ రాష్ట్రం ఫెంగ్‌యాంగ్ జిల్లాలో షియావ్‌గాంగ్ అని ఒక చిన్న ఊరుంది. పంటలు పోయిన ఏడు డప్పు వాయిస్తూ, పాడుతూ అడుక్కోవడానికి ఊళ్ళు పట్టుకుపోయే జనానికి పేరుపడ్డ జిల్లా అది. 1959-61 కరువు అక్కడ ఇళ్ళకిళ్ళే ఖాళీ చేసింది. 1978 చలికాలంలో ఒక రాత్రి 18 మంది రైతులు ఒక మట్టింట్లో చేరి, ఉమ్మడి భూమిని ఇంటికింతని పంచేసుకున్నారు. ఉమ్మడి సాగే రూలు కాబట్టి, దొరికితే జైలే. అందుకే ఒక కాగితం రాసుకుని పేర్ల మీద ఎర్రటి వేలిముద్రలు వేశారు. దాంట్లో అక్షరదోషాలున్నాయి. రాసుకున్న మాట ఇది: సర్కారుకు కొలవాల్సిన గింజలు ఎవరి వంతు వాళ్ళు కొలుస్తారు, ఇకమీదట డబ్బుకీ తిండికీ సర్కారు ముందు చెయ్యి చాచరు. నేను ప్రతిసారీ ఆగిపోయేది ఆ తర్వాతి మాట దగ్గర. ఇది బెడిసికొట్టి ఊరి పెద్దలు జైలుకి పోయినా, తలలు తెగినా, వాళ్ళ పిల్లల్ని పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మిగతావాళ్ళు సాకాలి.

పొలం దున్నుకోవడానికి పిల్లల్ని ఒకరికొకరు అప్పగించుకోవాల్సి వచ్చింది చూడండి. క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా నా గొంతు పట్టేసేది.

ఇంకోటి గుర్తుంచుకోండి. సంస్కరణలకు పుట్టినరోజని మనం రాసుకునే 1978 డిసెంబరు పార్టీ సమావేశం ఆమోదించిన వ్యవసాయ ముసాయిదాలో, భూమిని ఇళ్ళకు పంచడం కుదరదనే ఉంది. మరుసటేడు షియావ్‌గాంగ్‌లో 66 టన్నుల గింజలు పండాయని అక్కడి లెక్క. అన్హుయ్ పార్టీ కార్యదర్శి వాన్ లీ ఇలాంటి ఊళ్ళకు అడ్డం పడకుండా వెనక నిలబడ్డాడు. పద్ధతి చుట్టుపక్కలకు పాకింది. 1982 మొదట్లో గానీ కేంద్ర పార్టీ పత్రం దానికి పూర్తి ముద్ర వెయ్యలేదు. రైతు ముందు నడిచాడు, పార్టీ వెనక వచ్చి దారి తనదంది.

అయితే పట్టా ఇవ్వలేదు. భూమి ఇప్పటికీ ఊరి ఉమ్మడి పేరునే ఉంది, రైతుకున్నది కాంట్రాక్టు. 1984లో 15 ఏళ్ళన్నారు, 1993లో ఇంకో 30 అన్నారు, 2017లో అది తీరాక మరో 30 పొడిగిస్తామన్నారు. మన నోటిమాట కౌలు కన్నా ఎంతో గట్టిది, ఒప్పుకుంటాను. కానీ ఆసామి మారలేదు. మీకు అతకని రెండూ అతికేది ఇక్కడే. ఎవరు దున్నాలో, ఏం అమ్మాలో మార్కెట్‌కి వదిలారు, గడువు రాసే కలం మాత్రం పార్టీ దగ్గరే ఉంచుకున్నారు.

ప్రశ్న: 1992లో దక్షిణ చైనా పర్యటనకు వెళ్ళేనాటికి డెంగ్‌కి ఏ పదవీ లేదంటారు. మరి ఆయన మాట ఎలా చెల్లింది? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నిజమే, 1989 నవంబరులోనే చివరి పెద్ద పదవి కూడా వదిలేశాడు. బీజింగ్‌లో ఉద్యమిస్తున్న విద్యార్థులూ జనం మీద 1989 జూన్‌లో జరిగిన తియానన్మెన్ కాల్పుల తర్వాత సంస్కరణలు చల్లబడ్డాయి. 1992 జనవరిలో ఎనభై ఏడేళ్ళ మనిషి రైలెక్కి, సంస్కరణలు ఆగకూడదని చెబుతూ ఊచాంగ్, షెన్‌జెన్, జుహాయ్, షాంఘై తిరిగాడు. మొదట్లో చైనా పత్రికలు కిమ్మనలేదు. మార్చి నెలాఖరుకి షెన్‌జెన్ పత్రిక పెద్ద కథనం వేసింది. అక్టోబరు మహాసభకల్లా ‘సోషలిస్టు మార్కెట్ వ్యవస్థ’ పార్టీ లక్ష్యమైంది. మంచి మార్పే. కానీ కుర్చీ లేని మనిషి మాటతో తిరిగిన విధానం ఇంకో మనిషి మాటతో అటూ తిరగొచ్చు, దాన్ని ఆపే చట్టం లేదు. జావో జియాంగ్‌ని తలుచుకోండి. ఆ సంస్కరణలను ప్రధానిగా, పార్టీ ప్రధాన కార్యదర్శిగా నడిపించినవాడు. విద్యార్థుల మీదికి సైన్యాన్ని పంపడానికి ఒప్పుకోనందుకు 1989లో పదవి పోయింది. 2005 జనవరిలో చనిపోయేదాకా ఇంట్లోనే నిర్బంధం. ఆయనకు జరిగింది అన్యాయం. నేనది మెత్తగా చెప్పలేను.

ప్రశ్న: అలీబాబా అనే ఆన్‌లైన్ వ్యాపార సంస్థ పెట్టిన జాక్ మా లాంటి కుబేరుడినే ఎలా ఆపగలిగారు? కంపెనీ ఆయన సొంతమే కదా? (హైదరాబాద్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: ముందు ప్రభుత్వ కంపెనీల సంగతి చూడండి. 2004 నవంబరులో, ఒకదానితో ఒకటి పోటీపడే మూడు టెలికాం కంపెనీల పైస్థాయి అధికారుల్ని పార్టీ ఒకేసారి ఒకరి కంపెనీ నుంచి ఇంకొకరి కంపెనీకి మార్చేసింది. ఆ షేర్లు హాంకాంగ్‌లోనూ న్యూయార్క్‌లోనూ అమ్ముడవుతున్నాయి. అయినా వాటాదారుల్ని అడిగిందెవరు? పెద్ద సంస్థల అధిపతులు ఎవరన్నది తేల్చేది పార్టీయే.

ప్రైవేటు మీద పద్ధతి వేరు. జాక్ మా స్వయంగా పార్టీ సభ్యుడు. 2020 అక్టోబరు 24న షాంఘైలో మాట్లాడుతూ, చైనా బ్యాంకులు తాకట్టు కొట్ల బుద్ధితో నడుస్తున్నాయన్నాడు. ఫోన్‌లో చెల్లింపులు, అప్పులు చూసే ఆయన కంపెనీ యాంట్ గ్రూప్ షేర్లు నవంబరు 5న మార్కెట్‌కి రావాలి. 34 బిలియన్ డాలర్లకు పైగా వచ్చే ఇష్యూ, అప్పటికి ప్రపంచంలోనే పెద్దది. 2న అధికారులు పిలిపించారు, 3న ఇష్యూ ఆపేశారు. యాంట్ ఇచ్చే అప్పుల్లో అసలు ప్రమాదమే లేదని నేననను, నియంత్రణ కావాల్సిందే. కానీ రెండు రోజుల ముందు ఆపేస్తే, దాన్ని నిబంధన అని నమ్మడం నా వల్ల కాదు. 2021 ఏప్రిల్‌లో అలీబాబాకి 18.2 బిలియన్ యువాన్ల జరిమానా పడింది. 2023 జనవరిలో, యాంట్‌లో సగానికి పైగా ఉన్న జాక్ మా ఓటు హక్కు 6 శాతం చిల్లరకు తగ్గుతుందని ఆ కంపెనీయే ప్రకటించింది.