మొఘల్ చిత్రంలో యువరాజు త్రాసులో ఎందుకు కూర్చున్నాడు?

చూడగానే పట్టాభిషేకం అనిపించవచ్చు, కానీ అది తులాదానం: మనిషి బరువుకు సరితూగే వస్తువులను దానం చేయడం. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఈ చిత్రంలో త్రాసులో కూర్చున్నది ఖుర్రం, అంటే తర్వాతి షాజహాన్. పక్కన నిలబడి త్రాసును పట్టుకున్నది తండ్రి జహంగీర్. మన తులాభారం లాంటిదే. హిందూ ఆచారాన్నే అక్బర్ దర్బారులోకి తెచ్చాడు.

అక్బర్‌ను ఏటా రెండుసార్లు తూచేవారు. సౌరమానం పుట్టినరోజున 12 వస్తువులతో: బంగారం, పాదరసం, పట్టు, సుగంధ ద్రవ్యాలు, రాగి, నెయ్యి, ఇనుము, ధాన్యాలు, ఉప్పు వగైరా. చాంద్రమానం రోజున 8 వస్తువులతో: వెండి, తగరం, సీసం, బట్టలు, పండ్లు వంటివి. ఒక్కో వస్తువుతో విడిగా తూచి, తూగినదంతా దానం చేసేవారు.

ఖుర్రం తులాదానం జరిగింది 1607లో, కాబూల్‌లో. అతనికి పదహారో ఏడు వచ్చింది, జాతకంలో ముఖ్యమైన ఘట్టమని జ్యోతిష్కులు చెప్పారు, పైగా ఒంట్లో బాగోలేదు. అందుకే తూయించానని జహంగీరే తన ఆత్మకథలో రాసుకున్నాడు. చిత్రం గీసింది మాత్రం కొన్నేళ్ల తర్వాత, సుమారు 1610–15 మధ్య.

చాలామంది పొరబడేది ముందువైపు పళ్లేల దగ్గర. వాటిలోని రత్నాల పిడిబాకులు, నగలు, బట్టలు తూకానికి కాదు, కానుకలు. తూకపు సంచులు త్రాసు రెండో తట్టలో ఉన్నాయి. చిత్రాన్ని పెద్దది చేసి ఆస్థానికుల దుస్తులు చూడండి: వాటి మీద సన్నటి అక్షరాల్లో వాళ్ల పేర్లున్నాయి. నా దృష్టిలో ఈ చిత్రంలో అన్నిటికన్నా విలువైనవి ఆ అక్షరాలే, ఎవరు ఎవరో ఊహించే పనే లేదు. వెనక గూళ్లలో చైనా పింగాణీ బొమ్మలు కూడా కనిపిస్తాయి.

ఔరంగజేబు తన పాలనలో ఈ ఆచారాన్ని మాన్పించాడు.