టీమ్యాక్స్ 443 వచ్చినంత మాత్రాన రాయి పండినట్టు కాదు

గ్రీన్ రివర్ షేల్ అనే నూనె రాయికి రాక్-ఎవాల్‌లో (రాతి పొడిని వేడి చేసి, వెలువడే హైడ్రోకార్బన్లను కొలిచే మెషీన్) టీమ్యాక్స్, అంటే అవి అన్నిటికన్నా ఎక్కువగా వెలువడే ఉష్ణోగ్రత, 443 డిగ్రీల సెల్సియస్ వచ్చింది, అంటే ఆయిల్ విండోలో (రాయి నూనె ఇచ్చేంత పండిన దశలో) ఉన్నట్టే, మరి మూసిన పాత్రలో నీళ్లలో పెట్టి 300 డిగ్రీల దగ్గర 72 గంటలు వేడి చేసినా నూనె ఎందుకు తేలలేదు అనే కదా మీ టెన్షన్. మెషీన్ తప్పేమీ కాదండీ. సరస్సు అడుగున నాచు పేరుకుని తయారైన టైప్-1 కెరోజెన్ (వేడికి నూనెగా మారే, రాతిలోని సేంద్రియ పదార్థం) వేషాలివి. దాని బంధాల్లో ఎక్కువ భాగం దాదాపు ఒకే శక్తి దగ్గర తెగుతాయి, అందుకే పచ్చి రాయి కూడా 440 పైన చూపిస్తుంది, పండేకొద్దీ ఆ అంకె పెద్దగా కదలదు. ఆయిల్ విండో మొదలైందని చెప్పే 435 గీత దీనికి పనికిరాదు. అదే మెషీన్ ఇచ్చే ఎస్1ని (రాతిలో అప్పటికే ఉన్న హైడ్రోకార్బన్లు) ఎస్1, ఎస్2ల (ఎస్2 అంటే వేడికి కెరోజెన్ విడిపోయి వచ్చేవి) మొత్తంతో భాగించండి, 0.1 కన్నా బాగా తక్కువొస్తే పచ్చిదే.

300 దగ్గర కెరోజెన్ ముందు తారులాంటి బిట్యుమెన్‌గా మారి రాతిలోనే ఉండిపోతుంది. ఆ ముక్కల్ని పారేయకండి, విరిచి చూడండి, లోపల జిగటగా నల్లగా ఉంటే పని మొదలైనట్టే. తర్వాత 330, 345, 355 దగ్గర ఒక్కోసారి కొత్త ముక్కలతో, అవే 72 గంటలు. 374 దాటితే నీరు ద్రవంగా ఉండదు. ముక్కలు చివరిదాకా మునిగే ఉండాలి, అలాగని పాత్ర నిండా మాత్రం పోయకండి, వేడికి నీరు ఎంత ఉబ్బుతుందో తెలియక నేనోసారి సీల్ పోగొట్టుకున్నాను.