ద్రవ్యోల్బణం పావు శాతమే అన్నారు, మరి ఇంటి ఖర్చు ఎందుకు తగ్గలేదు?

2025 అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతమని ప్రభుత్వం ప్రకటించింది. ఇంట్లో ఖర్చు మాత్రం పెరిగింది కాబట్టి ఆ లెక్కను నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొచ్చు. మీ ఖర్చు పెరిగిందన్నదీ నిజమే. ఆ అంకెను దేనితో పోల్చారు, అందులో దేనికి ఎంత వాటా ఉంది అన్నవి చూస్తే రెండూ ఎలా నిజమయ్యాయో తెలుస్తుంది.

ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు దిగాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. పైగా ఆ వేగాన్ని నిరుడు ఇదే నెలతో పోల్చి చెబుతారు. 2024 అక్టోబరులో కూరగాయలు మండిపోయి ద్రవ్యోల్బణం 6.21 శాతం దాకా వెళ్లింది. అంటే 2023 అక్టోబరులో 100 రూపాయలైన సరుకు ఏడాది తిరిగేసరికి 106.21 అయింది. దాని మీద 0.25 శాతం వేస్తే 2025 అక్టోబరుకు దాదాపు 106.50. పెరిగిన ఆరు రూపాయల్లో ఒక్క పైసా వెనక్కి రాలేదు. రెండేళ్లకు కలిపి చూస్తే సగటున ఏడాదికి 3.2 శాతం పెరుగుదల. ‘పావు శాతం’ కన్నా మన అనుభవానికి దగ్గరగా ఉండేది ఈ లెక్కే. అందుకే ఏ నెల అంకె వచ్చినా, నిరుడు అదే నెలలో ఎంత ఉందో పక్కన రాసుకుని చూడండి. నిరుడు బాగా ఎక్కువగా ఉంటే ఈ ఏడాది అంకె దానంతటదే చిన్నగా కనిపిస్తుంది. దీన్నే బేస్ ఎఫెక్ట్ అంటారు.

ఇక వాటాల సంగతి. ద్రవ్యోల్బణాన్ని లెక్కగట్టేది వినియోగదారుల ధరల సూచీతో. అప్పటి సూచీకి ఆధార సంవత్సరం 2012. అందులో ఆహారం, పానీయాల వాటా (వెయిటేజీ) 45.86 శాతం. పల్లెలకు విడిగా చూస్తే 54 శాతం పైనే, పట్టణాలకు 36 శాతం చిల్లర. ఇంటి అద్దెను పట్టణాల సూచీలోనే లెక్కేశారు, గ్రామీణ సూచీలో అసలు లేదు. ఈ వాటాలన్నీ 2011-12 వినియోగ సర్వే నుంచి వచ్చినవి. ఆ తర్వాత జనం ఖర్చు తీరు మారింది. 2023-24 సర్వేలో గ్రామీణ కుటుంబాల ఖర్చులో ఆహారం వాటా 47 శాతానికి దిగింది. 2024ను ఆధారంగా తీసుకున్న కొత్త సూచీ 2026 ఫిబ్రవరిలో గానీ రాలేదు. పాత సూచీలో ఆహారానికి అంత బరువుండటంతో, 2025 అక్టోబరులో ఆహార ధరలు 5 శాతం పడిపోగానే మొత్తం అంకె సున్నా దగ్గరికి జారింది.

అదే మీ ఇంటికి వేసి చూడండి. నెల ఖర్చు 30,000 అనుకుందాం. అందులో తిండికి 9,000, అద్దెకు 9,000, పిల్లల ఫీజులకు 6,000, మిగతావాటికి 6,000. తిండి ఖర్చు 5 శాతం తగ్గితే 450 మిగులుతుంది. అద్దె 8 శాతం పెరిగితే 720, ఫీజులు 10 శాతం పెరిగితే 600, మిగతావి 4 శాతం పెరిగితే 240 అదనం. అన్నీ కలిపితే 1,110 ఎక్కువ, అంటే మీ ఇంటి ద్రవ్యోల్బణం 3.7 శాతం. ఇంటి లోన్ వాయిదా, స్థలం ధర ఈ సూచీలోకి రానే రావు. వాటి భారాన్ని ఇందులో వెతికితే దొరకదు.

ఆహారం, ఇంధనం తీసేసి చూసే కోర్ ద్రవ్యోల్బణం 2025 అక్టోబరులోనూ 4 శాతం పైనే ఉంది. అయితే బంగారం ధర దాన్ని బాగా పైకి లాగింది. బంగారం కొనని ఇంటికి ఆ భాగం తగలదు.

ద్రవ్యోల్బణంపై రిజర్వ్ బ్యాంకుకు ఇచ్చిన లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. వరసగా మూడు త్రైమాసికాలు ఆ హద్దు దాటితే ఎందుకు దాటిందో ప్రభుత్వానికి రాసివ్వాలి. 2022లో అదే జరిగింది. ఆ ఏడాది మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే బ్యాంకులకు ఇచ్చే అప్పుపై రిజర్వ్ బ్యాంకు వేసే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి చేరింది. అదే 2023 జులైలో టమాటా వల్ల ద్రవ్యోల్బణం 7.44కి ఎగబాకితే మాత్రం రేటును కదపలేదు. అక్టోబరుకల్లా పంట వచ్చి 4.87కి దిగింది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. వడ్డీ పెంచితే టమాటా పండదు, అప్పున్నవాళ్లు మాత్రం నలుగుతారు.

2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపు రెపోను 6.5 నుంచి 5.25కు తగ్గించారు. మీకు నేరుగా పనికొచ్చేది ఇదే. 30 లక్షల లోన్, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ అయితే ఈఎంఐ సుమారు 26,035. వడ్డీ 7.25కు దిగితే 23,711. చాలా బ్యాంకులు ఈఎంఐని అలాగే ఉంచి గడువు తగ్గిస్తాయి. అప్పుడు 240 నెలల అప్పు 198 నెలల్లోనే తీరుతుంది. ఈఎంఐ తగ్గించుకున్న దారితో పోలిస్తే మొత్తం మీద ఐదు లక్షల పైనే మిగులు. చేతిలో డబ్బుకు కటకట లేకపోతే ఈఎంఐని తగ్గించమని అడగకండి.

ఈ తగ్గింపు మీకు అందిందో లేదో లోన్ స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. బ్యాంకులు 2019 అక్టోబరు 1 నుంచి ఇచ్చిన ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) గృహ రుణాలు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడి ఉండాలి, కనీసం మూడు నెలలకోసారి మారాలి. అంతకు ముందువి ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు తన ఖర్చును బట్టి తానే లెక్కగట్టే రేటు) మీద ఉండిపోయి ఉండొచ్చు, అక్కడ తగ్గింపు నెమ్మదిగా అందుతుంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ నిబంధన వర్తించదు. మీది పాత లోన్ అయితే రెపో రేటుకు మార్చమని రాతపూర్వకంగా అడగండి. మార్పిడి ఫీజు ఎంతో, మార్చాక స్ప్రెడ్ (రెపో మీద బ్యాంకు అదనంగా కలిపే శాతం) ఎంత వేస్తారో ముందే కాగితం మీద తీసుకోండి. స్ప్రెడ్ పెంచి ఇస్తే మారినా లాభం ఉండదు.