బ్రెజిల్ ప్రేమపాటల్లో దేవతల పేర్లు ఎందుకొస్తాయి?

"ప్రియురాలి మీద పాట పాడుతూ మధ్యలో షాంగో, యెమాంజా అంటారేంటి? అది ప్రేమపాటా, భక్తిపాటా?" అని అడిగారు కదా. నాకూ ఇదే తికమక ఉండేది. ఆఫీసు పని మీద రెండేళ్లు సావో పౌలోలో ఉన్నప్పుడు వదిలింది, అదీ పరువు పోయాక.

అప్పట్లో నాకు తెగ ఎక్కేసిన పాట 'కాంతు జి ఒసాన్యా'. బాడెన్ పావెల్ గిటార్, వినీసియస్ జి మొరాయిస్ మాటలు, 1966 నాటి ఆఫ్రో సాంబాల ఆల్బమ్. అందులో "వయ్, వయ్" అని పదే పదే వస్తుంది. వయ్ అంటే వెళ్ళు. నా అరకొర పోర్చుగీసుకి అది "వెళ్ళు, ప్రేమించు" అని హుషారిచ్చే పాటలా తోచింది. ఒక పుట్టినరోజు విందులో చేతులూపుతూ పాడేశాను కూడా. బహియా రాష్ట్ర రాజధాని సల్వదోర్ నుంచి వచ్చిన సహోద్యోగిని పడి పడి నవ్వింది. "వెళ్ళు అనగానే 'వెళ్ళను' అంటాడు, అది వినపడలేదా నీకు?"

వాళ్లది కాందోంబ్లే కుటుంబం. బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికన్లు, ముఖ్యంగా యోరుబాలు, తమ దేవతల్ని బహియాలో నిలబెట్టుకున్న మతం అది. ఆ దేవతల్ని ఒరిషాలంటారు. ఒసాన్యా ఆకులకీ మూలికలకీ ఒరిషా. మందు ఇవ్వడం తెలిసినవాళ్ళకి మందు పెట్టడమూ తెలుసు కదా! పాటలో ఒసాన్యా గానం అలాంటిదే. దాని వెంట పోతే బాధపడతావని చెప్పమంటూ మరో ఒరిషా షాంగో కబురు పంపుతాడు.

నాకు వెంటనే క్షేత్రయ్య గుర్తొచ్చాడు గానీ, పోలిక పూర్తిగా కుదరదు. ఆ పదాల్లో మువ్వగోపాలుడే ప్రియుడు, కబుర్లు మోసేది చెలికత్తె. ఇక్కడ ప్రేమంతా మామూలు మనుషుల మధ్యే. దేవుడు వచ్చి చెలికత్తె చోట నిలబడతాడు. ఒకరు హెచ్చరిస్తారు, ఇంకొకరు మాయ చేస్తారు. అదే ఆల్బమ్‌లోని 'త్రిస్తేజా ఇ సోలిదావ్'లో అయితే, వెళ్ళిపోయినామెను తిరిగి రప్పించమని అడగడానికి బాబలావో దగ్గరికి పోతానంటాడు. బాబలావో అంటే ఇఫా అనే యోరుబా జోస్యం చూసి చెప్పే పూజారి. మన ఊళ్ళలో సోదెకి పోయినట్టన్నమాట. అతనికి దేవుడు కావాలి, కానీ ఆమె కోసం.

అలాగని ఇవి పూజలో పాడే పాటలు అనుకోకండి. అవి వేరు, ఎక్కువగా యోరుబా మాటల్లో, అతబాకి డోళ్ళ మీద సాగుతాయి. వినీసియస్ రియోవాడు, పైగా దౌత్యవేత్త. బాడెన్ బహియా వెళ్ళి, విని, మెచ్చి స్వరపరిచాడు. చివరికాలంలో ఎవాంజెలికల్ క్రైస్తవుడై, ఒరిషాలకు దండం చెప్పే 'సరవా' మాట పలకడమే మానేశాడట. మా సహోద్యోగినికి ఈ పాటలంటే ప్రాణం. అయినా వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో 'కాంతు జి ఒసాన్యా' పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "మా అమ్మమ్మ ముందు వద్దు, పాటలో అన్నట్టు ఒసాన్యాని మోసగాడంటే ఊరుకోదు" అంది.