మణెమ్మను కాస్త లెక్క అడగనివ్వు

తమ్ముడూ,

నీ నవల రాతప్రతి చదివాను. మణెమ్మ నాకు నచ్చింది. ఆమెను నువ్వు ఏడిపించిన తీరు నచ్చలేదు. పెళ్లైన దగ్గర్నుంచి ఆ పిల్ల కళ్లు ఆరనే లేదు. మొగుడు తిట్టినా ఏడుపే, అత్త కసిరినా ఏడుపే, ఆఖరికి బస్సు కదిలినా ఏడుపే. చదివేవాళ్లు మాత్రం ఎంతని ఏడుస్తారు? సగానికి వచ్చేసరికి నేను పేజీలు తిప్పేయడం మొదలుపెట్టాను.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. రాత్రి సైటు మీద రొట్టెలు కాలుస్తూ, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులో ఇప్పటికి ఎంత తీరిందో మణెమ్మ మనసులో లెక్క వేసుకుంటుంది. నాలుగు వాక్యాలే రాశావు. నాకు ఆ పిల్ల మొదటిసారి కనబడింది అక్కడే.

మన పాలమూరు వలసలో ఆడపిల్ల కష్టం నొసటి రాత కాదు. వాన పడదు, బోరు ఎండుతుంది, అప్పు పెరుగుతుంది. కూలీలను గుంపుగా దూరం పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రీ అడ్వాన్సు పట్టుకొని ఇంటికొస్తాడు. పైసలు మామ చేతిలో పడతాయి, తట్ట కోడలి నెత్తికెక్కుతుంది. ఎంత తీసుకున్నారో, ఎంత తీరిందో మేస్త్రీ పుస్తకంలోనే ఉంటుంది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. అయినా ఆ పుస్తకం మణెమ్మ చేతికి ఎందుకు రాలేదో చూపించు చాలు, ఉపన్యాసం వద్దు. (రెండో భాగంలో టీచరమ్మ పేజీన్నర మాట్లాడుతుంది. ఆమెను కాస్త కూర్చోబెట్టు.)

మణెమ్మ అవ్వ నాగార్జునసాగర్ డ్యామ్ పనికి పోయిందని ఒక్క లైనులో చెప్పి వదిలేశావు. ఎంత పెద్ద సంగతిని పారేసుకున్నావో! 1955లో శంకుస్థాపన జరిగిన ఆ డ్యామ్ రాతి కట్టడం. వేలమంది చేతుల మీదుగా లేచింది. చదువురాని ఆ ముసలామె తన కూలి రోజులు ఎలా గుర్తుపెట్టుకుంది? గుడిసె గోడ మీద బొగ్గుతో గీతలు గీసిందనుకో. ఆ అలవాటు మనుమరాలికి వస్తే, ఒకవైపు మేస్త్రీ పుస్తకం, ఇంకోవైపు మణెమ్మ గీతలు. ఇక కథను నువ్వు లాగనక్కర్లేదు.

అత్తను ఉత్త రాక్షసిని చేశావు. ఆమె కూడా వయసులో అదే తట్ట మోసింది కదా, నడుము పడిపోయాకే ఇంట్లో కూర్చుంది. తిట్టనీ, కానీ కోడలు ఊరు వదిలే రోజు ఆ నోటి నుంచి ఏ మాట వస్తుందో ఆలోచించు. మణెమ్మకూ కొంచెం తెలివి ఇవ్వు, అబద్ధాలు ఆడనివ్వు. కురుమూర్తి జాతరకు తీసుకెళ్లావు గానీ అక్కడా మొక్కులూ కన్నీళ్లే. స్వామి పాదుకలు ఊరేగించే ఉద్దాల ఉత్సవం జనంలో ఒక్కపూట కడుపునిండా నవ్వితే నీ సొమ్మేం పోయింది?

చివర్లో బావిలో దూకించావు. నేను నమ్మలేదు. అన్ని గీతలు గీసిన పిల్ల ముందు మేస్త్రీని "నా లెక్క చెప్పు" అని అడుగుతుంది. ఓడిపోనీ, పైసా రాకపోనీ. ఆ ఇద్దరి మాటలు రాయడం కష్టం, అందుకే బావి దాకా పరుగెత్తావని నా అనుమానం. నవలంతా ఇప్పుడే తిరగరాయకు. ఆ ఒక్క అధ్యాయం రాసి నాకు పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

అక్క