చైనా సామెత ‘యీ బూ యీ ఛ్యూ’కు అర్థం ఏమిటి?

ఎదుటివారు నడిస్తే తానూ నడవడం, వాళ్లు వడి పెంచితే తానూ పెంచడం. పైకి ఇంతే. ఇది ‘జువాంగ్‌జి’ అనే ప్రాచీన గ్రంథంలోది. శిష్యుడు యెన్ హుయి కన్ఫ్యూషియస్‌తో అంటాడు: మీరు నడిస్తే నేనూ నడుస్తాను, వడివడిగా వెళ్తే నేనూ వెళ్తాను, పరుగెత్తితే పరుగెత్తుతాను. కానీ మీరు దుమ్ముకైనా అందనంత వేగంగా దూసుకుపోతే మాత్రం వెనక కళ్లప్పగించి నిలబడిపోతాను.

అసలు కిటుకంతా ఈ చివరి ముక్కలోనే ఉంది. నడక అంటే మీలా మాట్లాడటం అని శిష్యుడే విప్పి చెబుతాడు. దూసుకుపోవడం అంటే, మీరు నోరు విప్పకుండానే జనం మిమ్మల్ని నమ్ముతారే, అది. అది మాత్రం నాకు అంతుపట్టదంటాడు. విచిత్రంగా, సామెతలో మిగిలింది మొదటి సగమే. అందుకేనేమో, ఇప్పుడు చైనీస్‌లో ఇది పొగడ్త కాదు. సొంత ఆలోచన లేకుండా గొర్రెదాటుగా పోయేవాళ్లను ఎత్తిపొడవడానికే ఎక్కువగా వాడతారు.