విల్లీస్ కార్బురేటర్ కారుతుంటే కిట్ కంటే ముందు ఫ్లోట్ చూడండి

"1944 విల్లీస్ జీపు, కార్బురేటర్ నుంచి పెట్రోలు కారుతోంది, మెకానిక్ మారుతీది పెట్టేద్దామంటున్నాడు, హైదరాబాద్‌లో అసలు పార్టులు దొరుకుతాయా" అని అడిగారు. మారుతీది వద్దండీ. 2.2 లీటర్ల ఇంజిన్‌కి 800 సీసీ కారు కార్బురేటర్ ఏం సరిపోతుంది? స్టార్ట్ అయితే అవుతుందిగానీ శ్రీశైలం ఘాట్‌లో ఏడిపిస్తుంది.

ముందు మూత స్క్రూ దగ్గర ఇత్తడి ట్యాగ్ ఉందేమో చూడండి. 539 ఎస్ అని ఉంటే యుద్ధకాలం నాటి కార్టర్ డబ్ల్యూ-ఓ కార్బురేటర్. మన దగ్గర చాలా జీపులకి ఎప్పుడో దాని బదులు సోలెక్స్ కంపెనీ కార్బురేటర్ పెట్టేశారు. మీదీ అదే అయితే అదృష్టమే, రాణిగంజ్ ఆటో పార్టుల బజార్‌లో అడిగితే పని అయిపోతుంది. కార్టర్ కిట్ (లోపల అరిగే చిన్న ముక్కల సెట్) మాత్రం అక్కడ కష్టం, బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే.

తెప్పించే ముందు ఫ్లోట్ (కార్బురేటర్‌లో పెట్రోలు మీద తేలుతూ మట్టం సరిచూసే డొల్ల డబ్బా) విప్పండి. మా జీపుకీ ఇదే జబ్బు. ఇత్తడి ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు గలగలమంది. వేడినీళ్లలో ముంచితే అతుకు దగ్గర సన్నగా బుడగలు లేచాయి (నీళ్లు కాచాక పొయ్యి ఆపి, ఆరుబయట చేయండి). లోపలి పెట్రోలు పూర్తిగా పోయాకే టంకం పెట్టించాలి, అదీ చుక్కంతే. ఎక్కువైతే ఫ్లోట్ బరువెక్కి మళ్లీ పొంగుతుంది. బిగించేటప్పుడు మూత తిరగేసి, ఫ్లోట్‌కీ మూతకీ మధ్య 3/8 అంగుళం ఉండేలా చూసుకోండి. ఆ సైజు డ్రిల్ బిట్ అడ్డం పెడితే తెలిసిపోతుంది.

ఫ్లోట్ బాగుంటే నీడిల్ (ఫ్లోట్ లేచినప్పుడు పెట్రోలు దారి మూసే సూది), అది కూర్చునే సీటు జతగా మార్చండి. కార్బురేటర్‌లోనే ఉండే యాక్సిలరేటర్ పంపు తోలు వాషర్ ఎండిపోయి ఉంటే పారేయొద్దు, నూనెలో నానబెడితే చాలాసార్లు మళ్లీ పనికొస్తుంది.

ఐడిల్ నిలవకపోతే, అంటే యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్ ఆగిపోతుంటే, త్రాటిల్ షాఫ్ట్ (గాలి దారి తెరిచి మూసే రేకును తిప్పే కడ్డీ) పట్టుకుని ఆడించండి. లూజుంటే అక్కడ గాలి పీలుస్తున్నట్టే, ఏ కిట్టూ దాన్ని బాగుచేయదు. మేం బాలానగర్‌లో లేత్ మీద బుష్ (అరిగిన రంధ్రంలో బిగించే చిన్న గొట్టం) వేయించాం. అయితే షాఫ్ట్ ఉండే కింది భాగం పోత ఇనుము, దాని పైది జింకు పోత. రెండూ విడదీసి కింది ముక్క ఒక్కటే ఇవ్వండి. పైదాన్ని వైస్‌లో బిగిస్తే పగులుతుంది.

పాత సామాన్లు అమ్మే జుమేరాత్ బజార్‌లో పాత కార్టర్ కనబడితే, పగిలినదైనా సరే, లోపలి జెట్ల (పెట్రోలు కొలతగా వదిలే సన్న రంధ్రాల ముక్కలు) కోసమైనా కొని పెట్టుకోండి.

ఇంతకీ మీ బండికి ఎవరైనా ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు తగిలించారా? దాని ప్రెషర్‌కి కొత్త నీడిల్ కూడా ఆగకపోవచ్చు. అలా ఉంటే ఇవన్నీ విప్పే ముందు అది తీసి, ఇంజిన్‌తోనే నడిచే పాత డయాఫ్రమ్ పంపు పెట్టి చూడండి. అందులోని డయాఫ్రమ్ (ఊగే రబ్బరు పొర) మాత్రం కొత్తది వేయించండి, ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు తట్టుకోదు.